జాలీబాయ్ ద్వీపానికి ఒక్కరోజు ట్రిప్: ఈత రాని 63 ఏళ్ళ అమ్మను స్నార్కెలింగ్‌కి దింపవచ్చా?

సుజాత (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఫిబ్రవరి రెండో వారంలో అండమాన్ వెళ్తున్నాం. నేను, మా ఆయన, తొమ్మిదేళ్ళ బాబు, మా అమ్మ. ఐదు రోజుల్లో ఒక రోజు పూర్తిగా పడవ మీద ద్వీపానికి వెళ్ళి, నీళ్ళలో ముఖం పెట్టి పగడాలు చూసి రావాలని మా ప్లాన్. వండూర్ జెట్టీ నుంచి జాలీబాయ్ ద్వీపానికి వెళ్ళమని కొందరు, పోర్ట్ బ్లెయిర్ ఊరికి దగ్గర కాబట్టి నార్త్ బే చాలని కొందరు చెప్పారు.

నా అసలు ప్రశ్న అమ్మ గురించి. అమ్మది ముమ్మిడివరం దగ్గర పల్లెటూరు. గోదావరి పాయ పక్కనే పుట్టి పెరిగింది కానీ ఈత రాదు. బీపీకి రోజూ మాత్ర వేసుకుంటుంది. మోకాళ్ళ నొప్పులు కొంచెం ఉన్నాయి. మిగతా ఆరోగ్యం బాగానే ఉంది, రోజూ ఉదయం నలభై నిమిషాలు నడుస్తుంది.

టికెట్లు బుక్ చేశామని చెప్పగానే అమ్మ ఒక్క మాటే అడిగింది. "అక్కడ కూడా నన్ను ఒడ్డున కూర్చోబెట్టి సంచులు అప్పగించరు కదా?" అని. నాకు గొంతు పట్టేసింది. నిజమే, ఊటీలో బోటింగ్ చేసినప్పుడు సంచుల దగ్గర అమ్మే ఉంది. రామేశ్వరంలో మేం స్నానాలు చేస్తుంటే అమ్మే ఉంది. బొర్రా గుహల్లో మెట్లు ఎక్కలేదని బయట బెంచీ మీద అమ్మే ఉంది. నాన్న పోయాక ఆమెతో చేస్తున్న మొదటి పెద్ద ప్రయాణం ఇది. ఈసారి ఆమెను నీళ్ళలోకి తీసుకెళ్ళాలని నాకుంది. మా ఆయనకు టెన్షన్: "ఏమైనా అయితే ఆ ద్వీపంలో డాక్టరు కూడా ఉండడు" అంటున్నారు. ఆయన భయమూ న్యాయమే.

పెద్దవాళ్ళను తీసుకెళ్ళినవాళ్ళు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి. బట్టలు, మందులు, తిండి, ఏదైనా సరే.

రమణ, అనకాపల్లి

సుజాత గారూ, మేం రెండేళ్ళ క్రితం నార్త్ బే వెళ్ళాం. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనక కొబ్బరి చెట్లు, లైట్‌హౌస్ ఉండేవి చూడండి, ఆ చోటే. అబర్డీన్ జెట్టీ దగ్గర పడవ ఎక్కితే రాస్ ద్వీపం (ఇప్పుడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపం) కూడా అదే రోజు చూపిస్తారు. సుఖంగా ఉంటుంది కానీ జనం బాగా ఎక్కువ. నీళ్ళలో ఒకరి కాళ్ళు ఒకరికి తగులుతాయి. ఈత రాని పెద్దావిడకు ఆ తోపులాట మంచిది కాదని నా అభిప్రాయం. నీళ్ళలోకి దిగకపోయినా గ్లాస్ బోట్‌లో కూర్చుని అడుగున అద్దంలోంచి చూడవచ్చు. మా అత్తగారు అలాగే చూశారు, సంతోషించారు.

జంగ్లీఘాట్ అబ్బాయి

అక్కా, నేను పోర్ట్ బ్లెయిర్‌లోనే పుట్టాను. 2024 సెప్టెంబర్‌లో పేరు శ్రీ విజయపురం అని మార్చారు, మా నోటికి ఇంకా పాత పేరే వస్తుంది. మా నాన్న సోంపేట వైపు నుంచి చేపల వేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మాలాంటి కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్‌లో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. కాబట్టి మొదటి ధైర్యం ఇది: పడవ మీద పనిచేసేవాళ్ళలో తెలుగు వచ్చినవాళ్ళు దొరుకుతారు. అమ్మగారిని నీళ్ళలో పట్టుకునే మనిషి ఆవిడతో తెలుగులో మాట్లాడేవాడైతే సగం భయం అక్కడే పోతుంది. ముందే అడిగి అలాంటి వాణ్ణే ఎంచుకోండి.

మీ ప్రశ్నకు జవాబు: దింపవచ్చు. మా అమ్మను దింపాను కాబట్టి చెప్తున్నాను.

మా అమ్మ జంగ్లీఘాట్‌లో ముప్పై ఏళ్ళకు పైగా చేపలమ్మింది. కోనాం, చందువ, కానాగంతలు, సొర, ఏది తెచ్చినా మొప్ప ఎత్తి చూసి ఎప్పుడు పట్టారో చెప్పేది. అలాంటి మనిషి ఎన్నడూ నీళ్ళ కింద చూడలేదు. నాకు ఉద్యోగం వచ్చిన ఏడాది జాలీబాయ్ తీసుకెళ్ళాను. అప్పటికి ఆమెకు అరవై దాటింది. తేలే రింగు పట్టుకుని ఓ నిమిషం ముఖం నీళ్ళలో పెట్టి, తల ఎత్తి నోట్లోని ఊపిరి గొట్టం తీసేసి అంది: "ఒరే, ఇన్నాళ్ళూ సచ్చినియ్యే సూసినాన్రా. బతికున్నప్పుడు ఇంత రంగులా ఈటికి!" ఆ రోజు సాయంత్రం ఇంటికొచ్చాక కూడా చాలాసేపు మాట్లాడలేదు. ఇప్పటికీ చిలకచేపను బుట్టలో చూస్తే అమ్మదు, పక్కావిడకి ఇచ్చేస్తుంది.

ఇక పనికొచ్చే విషయాలు.

జాలీబాయ్ మహాత్మాగాంధీ మెరైన్ నేషనల్ పార్కులో ఉంది. 1983లో పెట్టిన పార్కు, విస్తీర్ణం 281.5 చదరపు కిలోమీటర్లు. ఏడాది పొడవునా అన్ని దీవులూ తెరవరు. పగడాలకు విశ్రాంతి ఇవ్వడానికి కొన్ని నెలలు జాలీబాయ్, మిగతా నెలలు రెడ్ స్కిన్ తెరుస్తారు. ఫిబ్రవరిలో మామూలుగా జాలీబాయే ఉంటుంది. సోమవారం సెలవు. అటవీ శాఖ పర్మిట్ ముందే తీసుకోవాలి, అందరి గుర్తింపు కార్డులు దగ్గర పెట్టుకోండి. దీవిలో కొట్టు లేదు, హోటల్ లేదు. తిండి మీరే తెచ్చుకోవాలి, కానీ ప్లాస్టిక్ కవర్లో కాదు. వండూర్‌లో సంచులు విప్పి చూస్తారు. స్టీలు డబ్బాల్లో పులిహోర, చపాతీలు పెట్టుకోండి, నీళ్ళకు స్టీలు సీసాలు. చిప్స్ ప్యాకెట్, బాబు బిస్కెట్ ప్యాకెట్ హోటల్ గదిలోనే వదిలేయండి. ఆ తనిఖీ మీద విసుక్కోకండి అక్కా. తాబేలు కవరును జెల్లీచేప అనుకుని మింగుతుంది, అందుకే అంత పట్టుదల.

ఊళ్ళోంచి వండూర్‌కి కారులో గంట పడుతుంది. దారిలో సిప్పీఘాట్ దగ్గర ఒకసారి ఆగి చూడండి. మా చిన్నప్పుడు అక్కడ వరి పొలాలుండేవి. 2004 డిసెంబర్ 26న భూకంపానికి నేల కిందికి దిగిపోయి సముద్రపు నీళ్ళు ఎక్కాయి, తర్వాత ఇక పోలేదు. మీ బాబుకు సునామీ అంటే ఏమిటో చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు.

వండూర్ జెట్టీలో పెద్ద పడవ ఎక్కుతారు. మొదట మడచెట్ల మధ్య నుంచి మెల్లగా పోతుంది, అక్కడ అల ఉండదు. తర్వాత తెరిచిన సముద్రం వస్తుంది. మొత్తం సుమారు గంట. దీవిలో జెట్టీ లేదు కాబట్టి పెద్ద పడవ కొంచెం దూరంలో ఆగుతుంది, చిన్న గ్లాస్ బోట్‌లోకి మార్చి ఒడ్డుకు చేరుస్తారు. అమ్మగారి మోకాళ్ళకు కష్టమయ్యేది ఇక్కడే. రెండు పడవలూ ఊగుతుంటాయి. తొందరపడొద్దు. అందరూ దిగాక చివర్లో దింపండి, ఇద్దరు చెరో చెయ్యి పట్టుకోవాలి, పడవలు దగ్గరగా వచ్చిన క్షణంలోనే అడుగు వెయ్యమనండి. ఒడ్డున మోకాలి లోతు నీళ్ళలోకి దిగాలి కాబట్టి కాలికి వెనక పట్టీ ఉన్న రబ్బరు చెప్పులు వేయండి. హవాయి చెప్పులు ఇసుకలో ఊడిపోతాయి.

బట్టల గురించి అడిగారు. చీరతో, నైటీతో నీళ్ళలోకి ఎవరినీ దింపకండి. తడిసిన గుడ్డ కాళ్ళకు చుట్టుకుంటే ఈత వచ్చినవాళ్ళు కూడా గాభరా పడతారు. కాళ్ళకు లెగ్గింగ్, పైన నిండు చేతుల టీషర్టు చాలు. ఎండకు అదే రక్షణ, సన్‌స్క్రీన్ ఒళ్ళంతా పూయనక్కరలేదు. సన్‌స్క్రీన్‌లో ఉండే ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలు పగడాలకు మంచివి కావని హవాయిలో వాటి అమ్మకమే ఆపేశారు. గాజులు, ఉంగరాలు తీసేయండి. నీళ్ళలో వేళ్ళు ముడుచుకుని ఉంగరాలు జారిపోతాయి, వెతికి పెట్టేవాళ్ళు ఉండరు. కట్టుడు పళ్ళుంటే అవి కూడా తీసేయాలి, ఎందుకంటే గొట్టాన్ని పళ్ళతో కరిచి పట్టుకోవాలి.

దిగే ముందు పోటా (నీళ్ళు ఎక్కడం), పాటా (నీళ్ళు దిగడం) అని పడవవాళ్ళను అడగండి. ఇక్కడ అమావాస్యకు, పౌర్ణమికి నీటిమట్టం దాదాపు రెండు మీటర్లు ఎక్కి దిగుతుంది. బాగా పాటు మీద ఉన్నప్పుడు పగడాల మీద నీళ్ళు పలచగా ఉంటాయి, పొట్ట, మోకాళ్ళు గీసుకుంటాయి. పోటు నీళ్ళలో తేలికగా పైన తేలుతూ చూడవచ్చు.

ఒక్క విషయం బతిమాలి చెప్తున్నాను. అలసిపోయినా, భయం వేసినా పగడం మీద కాలు పెట్టి నిలబడొద్దు. అది రాయి కాదు, ప్రాణమున్న చిన్న చిన్న జీవుల గుంపు. వాటి ఒంట్లో ఉండే సూక్ష్మ శైవలాలే (కంటికి కనపడని నాచు) వాటికి తిండి పెడతాయి, రంగునిస్తాయి. నీళ్ళు మరీ వేడెక్కితే ఆ శైవలాలు వెళ్ళిపోయి పగడం తెల్లగా పాలిపోతుంది. 2010లో మా దగ్గర అలా అయింది. అప్పటిదాకా నేను చూసిన గోధుమ, ఊదా, పచ్చ రంగులు ఆ ఎండాకాలం ఎముకల్లా తెల్లబడ్డాయి. 2016లో మళ్ళీ అయింది. కొన్ని కోలుకున్నాయి, కొన్ని పోయాయి. కాబట్టి మీరు వీడియోల్లో చూసినంత రంగు అంతటా ఉండదు. విరిగిన బూడిదరంగు కొమ్మల మధ్యలో మళ్ళీ మొలుస్తున్న చిన్న పగడాలు కనిపిస్తాయి. నాకైతే అవే ఎక్కువ ముద్దొస్తాయి.

ఒడ్డున చచ్చిన పగడం ముక్క, గవ్వ దొరికినా తేవొద్దు. పగడాలకు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పులికి ఉన్నంత రక్షణ ఉంది. విమానాశ్రయంలో స్కానర్‌లో దొరికితే పెద్ద ఇబ్బంది. బాబుకి ముందే చెప్పండి.

ఇంకోటి. వండూర్ బీచ్‌లో, మడచెట్ల పక్కన నీళ్ళలోకి దిగొద్దు. ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి, బోర్డులు కూడా ఉంటాయి.

శ్రీదేవి, విశాఖపట్నం

నేను రుషికొండలో స్కూబా నేర్చుకున్నాను, స్నార్కెలింగ్ చాలాసార్లు చేశాను. పై తమ్ముడు చెప్పిందంతా సరైనది. ఊపిరి గురించి మాత్రం నేను చెప్తాను. ఈత రాని పెద్దవాళ్ళు భయపడేది నీళ్ళకు కాదు, ముక్కు మూసుకుపోయినందుకు.

సుజాత గారూ, ఇప్పుడే ఒక మాస్కు, గొట్టం కొనండి. రోజూ పది నిమిషాలు అమ్మగారు టీవీ చూస్తూ అది పెట్టుకుని నోటితో మాత్రమే ఊపిరి తీసుకోవాలి. నెమ్మదిగా, లోపలికి ఎంతసేపు తీశారో బయటికి అంతకంటే కొంచెం ఎక్కువసేపు వదలాలి. నాలుగు రోజుల తర్వాత పెద్ద గిన్నెలోనో, బకెట్లోనో నీళ్ళు పోసి ముఖం పెట్టించండి. వంగితే మోకాళ్ళు నొప్పి కాబట్టి గిన్నెను డైనింగ్ టేబుల్ మీద పెట్టండి, ఆవిడ కుర్చీలో కూర్చుని ముఖం వంచితే చాలు. మీరు పక్కనే ఉండి భుజం మీద చెయ్యి వేయండి. వారం తిరిగేసరికి శరీరానికి అలవాటవుతుంది.

మాస్కు సరిపోయిందో లేదో చూడటానికి పట్టీ లేకుండా ముఖానికి ఆనించి ముక్కుతో కొంచెం గాలి పీల్చండి. చెయ్యి వదిలినా పడిపోకుండా అంటుకుని ఉంటే అది సరైన కొలత. నుదుటి దగ్గర ఒక్క వెంట్రుక లోపలికి వెళ్ళినా నీళ్ళు కారతాయి. పెద్ద బొట్టుబిళ్ళ కూడా తీసేయాలి. అద్దం మసకబారకుండా లోపల చుక్క బేబీ షాంపూ రాసి కడిగేస్తే చాలు.

బీపీ ఉంది కాబట్టి వెళ్ళేముందు ఆవిడ డాక్టరుకు "నీళ్ళలో తేలాలనుకుంటున్నారు" అని స్పష్టంగా చెప్పి గుండె పరీక్ష చేయించండి. ఆయన వద్దంటే వద్దు, అక్కడ వాదన పెట్టుకోవద్దు. పడవలో వాంతులకు మాత్ర కూడా ఆయన్నే అడిగి, బయలుదేరే గంట ముందు వేయండి. పొద్దున్న ఇడ్లీ తినిపించండి, పూరీ వద్దు. లైఫ్ జాకెట్ కింది పట్టీలు తప్పకుండా బిగించండి, లేకపోతే నీళ్ళలో జాకెట్ చెవుల దాకా లేచి మెడకు ఒరుసుకుంటుంది.

సుజాత (హైదరాబాద్)

ఎంత ఓపికగా రాశారు! జంగ్లీఘాట్ తమ్ముడూ, మీ అమ్మగారి మాట మా అమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది. శ్రీదేవి గారూ, ఒక సందేహం. అమ్మకు కళ్ళజోడు ఉంది, దూరపు చూపు మైనస్ మూడు. మాస్కు లోపల జోడు పట్టదు కదా?

శ్రీదేవి, విశాఖపట్నం

పట్టదండి, జోడు కాడల పక్క నుంచి నీళ్ళు వస్తాయి. పవర్ ఉన్న అద్దాల మాస్కులు దొరుకుతాయి, మైనస్ మూడు తేలికగానే దొరుకుతుంది. నీళ్ళలో వస్తువులు కొంచెం పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి సరిగ్గా అదే నంబరు లేకపోయినా కొంచెం తక్కువది చాలు. అది మాత్రం కొనుక్కునే వెళ్ళండి. ఆవిడ చూడటానికే కదా దిగేది.

సుజాత (హైదరాబాద్)

నిన్న రాత్రి ఇల్లు చేరాం. బట్టలు ఉతకక ముందే రాస్తున్నాను.

ఈసీజీ, ఎకో తీయించాం, డాక్టరు సరేనన్నారు. పన్నెండు రోజులు డైనింగ్ టేబుల్ మీద ఇడ్లీ గిన్నెలో నీళ్ళు పోసి ప్రాక్టీసు చేసింది అమ్మ. బాబు సెకన్లు లెక్కపెట్టేవాడు.

ముందు ఇబ్బందులు చెప్తాను, ఇంకొకరికి పనికొస్తాయి. మేం మాట్లాడుకున్న ఏజెంటు పర్మిట్ తానే తెస్తానని చెప్పి ముందు రోజు సాయంత్రం చేతులెత్తేశాడు. ఆ హడావిడిలో మా ఆయన కార్డులు పట్టుకుని పరుగెత్తారు. కాబట్టి పర్మిట్ పని ఎవరికీ వదలకండి. రెండోది, మొదట అమ్మను పట్టుకున్న గైడ్ కుర్రాడు బాగా తొందర మనిషి. ఆమె ఊపిరి సర్దుకోకముందే రింగు లాగేశాడు. గొట్టంలోకి ఉప్పునీళ్ళు వెళ్ళి అమ్మకు దగ్గు వచ్చింది, నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది. ఒడ్డుకు తీసుకొచ్చేశాం. ఇంక అయిపోయిందనుకున్నాను. ఏడుపు వచ్చింది కానీ ఆపుకున్నాను.

అమ్మ ఇసుకలో కూర్చుని అరగంట ఏమీ మాట్లాడలేదు. పులిహోర కొంచెం తింది. తర్వాత తనే లేచి మాస్కు కడుక్కుంది. ఈసారి తమ్ముడు చెప్పినట్టు తెలుగు వచ్చిన మనిషి కోసం అడిగాం. పలాస వైపు నుంచి వచ్చిన యాభై ఏళ్ళ ఆయన వచ్చారు. "అమ్మా, మీరు ఎప్పుడు చెప్తే అప్పుడే కదులుతాను" అన్నారు. నడుం లోతులో నిలబెట్టి, ముఖం మాత్రం నీళ్ళలో పెట్టించి, ఇరవై ఊపిరులు లెక్కపెట్టించారు. అప్పుడు కాళ్ళు తేల్చారు. నేను ఇటుపక్క, ఆయన అటుపక్క.

పద్దెనిమిది నిమిషాలు ఉంది నీళ్ళలో. వచ్చిన దగ్గర్నుంచి ఆమె చెప్తున్నవి: జంతికల గొట్టంలోంచి వచ్చినట్టు మెలికలు తిరిగిన పగడం, అంచుల్లో నీలం మెరుస్తూ నోరు తెరుచుకున్న పెద్ద ఆల్చిప్ప, తన నీడ పడగానే టక్కున మూసుకోవడం, పగడాన్ని కొరుకుతున్న చిలకచేపల చప్పుడు. ఆ చప్పుడు నాకు వినపడనే లేదు, అమ్మ చెప్పాక మళ్ళీ ముఖం పెట్టి విన్నాను. పటికబెల్లం నమిలినట్టు కటకటమని నిజంగానే వినిపిస్తుంది. అవి కొరికి వదిలిందే ఈ తెల్ల ఇసుక అని గైడ్ గారు చెబితే అమ్మ ఒడ్డుకొచ్చి ఇసుక చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. తర్వాత అక్కడే వదిలేసి చెయ్యి దులుపుకుంది.

తిరుగు పడవలో అల పెద్దగా ఉంది. బాబుకి వాంతి అయింది, అమ్మకు ఏమీ కాలేదు. ఐదున్నరకే చీకటి పడిపోవడం మాకు కొత్తగా అనిపించింది.

అన్నట్టు, ఆ పద్దెనిమిది నిమిషాలూ సంచుల దగ్గర మా ఆయన కూర్చున్నారు. తనే ఉంటానన్నారు.